సీ భాషలో లోడ్ యావరేజ్ చదవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

అమీర్‌పేటలో ఆదివారం తరగతికి వచ్చే విద్యార్థులు, మాదాపూర్‌లో మా బృందంలో కొత్తగా చేరినవాళ్లు ఏళ్లుగా దాదాపు ఇవే ప్రశ్నలు అడుగుతున్నారు. యంత్రం మీద ఎంత భారం ఉందో చెప్పే ఆ మూడు అంకెలను సీ ప్రోగ్రాంలోకి ఎలా తెచ్చుకోవాలి? అదే కోడ్ లినక్స్, మ్యాక్, ఫ్రీబీఎస్‌డీ, సొలారిస్ అన్నిటి మీదా మార్పు లేకుండా ఎలా నడవాలి? పని చిన్నదే. కానీ ఈ చిన్న పనిలో తప్పు చేస్తే అది వెంటనే కనబడదు, నెలల తర్వాత వేరేచోట బయటపడుతుంది. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

అసలు లోడ్ యావరేజ్ దేన్ని కొలుస్తుంది?

మీ సేవ కేంద్రంలో నాలుగు కౌంటర్లు ఉన్నాయనుకోండి. నలుగురు కౌంటర్ల ముందు కూర్చుని పని చేయించుకుంటున్నారు, ముగ్గురు వరసలో నిలబడ్డారు. ఆ క్షణాన అక్కడి భారం 7. కౌంటర్లంటే ప్రాసెసర్ కోర్లు, మనుషులంటే ప్రాసెస్‌లు. నడుస్తున్నవి, నడవడానికి సిద్ధంగా ఉండి వంతు కోసం చూస్తున్నవి కలిపి లెక్కపెట్టి, ఆ లెక్కను కాలం మీద సగటు తీస్తే అదే లోడ్ యావరేజ్.

ఈ కొలత లినక్స్ కంటే చాలా పాతది. ఇంటర్నెట్‌కు ముందరి అర్పానెట్ నెట్‌వర్క్ కాలంలో మొదలైన ఆర్‌ఎఫ్‌సీ అనే పత్రాల వరసలో 546వది, 1973 జులై నాటి టెనెక్స్ వ్యవస్థ లోడ్ యావరేజ్‌ల గురించినదే.

అయితే లినక్స్ ఈ లెక్కలో మూడో రకం వాళ్లను కూడా చేరుస్తుంది. దరఖాస్తు ఇచ్చేశారు, కౌంటర్ ఖాళీ చేశారు, కానీ లోపలి గదిలోంచి కాగితం వచ్చేదాకా కదలడానికి వీల్లేదు. డిస్కు కోసమో, నెట్‌వర్క్ మీది ఫైళ్ల కోసమో ఆగిపోయి, మధ్యలో లేపడానికి వీలుకాని ప్రాసెస్‌లు అలాంటివి. ప్రాసెస్‌ల జాబితాలో వాటి పక్కన డి అనే అక్షరం కనిపిస్తుంది. 1993లో వచ్చిన ఒక చిన్న సవరణతో లినక్స్ వీటినీ లెక్కించడం మొదలుపెట్టింది.

ఈ తేడా ఎంత దూరం పోతుందో ఒక మధ్యాహ్నం కళ్లారా చూశాను. మా ల్యాబ్ సర్వర్‌లో లోడ్ 40 దాటింది. నడుస్తున్న ప్రాసెస్‌లను చూపే టాప్ ప్రోగ్రాం తెరిచి చూస్తే ప్రాసెసర్ దాదాపు మొత్తం ఖాళీ. పక్క గదిలోని ఫైల్ సర్వర్‌కు కరెంటు పోయింది. దాని మీది డైరెక్టరీని తాకిన ప్రతి ప్రాసెస్ డి స్థితిలో బిగుసుకుపోయింది. కౌంటర్లు నాలుగూ ఖాళీగా ఉన్నాయి, హాలు మాత్రం జనంతో నిండిపోయింది. 40 అనే అంకె నిజమే చెప్పింది, దాన్ని ప్రాసెసర్ భారంగా చదవడమే తప్పు.

ఇంకొక మాట. లినక్స్ లెక్కించేది థ్రెడ్‌లను. 16 థ్రెడ్‌లతో లెక్కలు చేసే ఒక్క ప్రోగ్రాం నడిస్తే లోడ్ 16 వైపు పోతుంది.

ఆ మూడు అంకెలు చివరి 1, 5, 15 నిమిషాల సగటులేనా?

పుస్తకాల్లో అలాగే ఉంటుంది కానీ అది పూర్తిగా సరైన మాట కాదు. చివరి నిమిషంలోని కొలతలన్నిటినీ కూడి భాగించిన సగటు కాదు ఇది. పాత విలువను కొంచెం తగ్గించి, కొత్త కొలతను కొంచెం కలుపుతూ పోయే సగటు. లినక్స్ కెర్నల్, అంటే వ్యవస్థ మూల భాగం, సుమారు 5 సెకన్లకు ఒకసారి ఈ పని చేస్తుంది. కెర్నల్‌లో దశాంశ గణితం వాడరు కాబట్టి 2048ని ఒకటిగా తీసుకుని పూర్ణాంకాలతో లెక్క వేస్తుంది. ఒక నిమిషం సగటుకు పాత విలువను 1884తో, 5 నిమిషాల దానికి 2014తో, 15 నిమిషాల దానికి 2037తో గుణించి 2048తో భాగిస్తుంది.

దీన్ని మీరే చూడవచ్చు. ఏ పనీ లేని లినక్స్ యంత్రం మీద అంతం లేని లూప్ ఒకటి నడిపి గడియారం పట్టుకుని కూర్చోండి. నిమిషం గడిచేసరికి మొదటి అంకె 1 కాదు, 0.63 దగ్గర ఉంటుంది. రెండోది 0.18, మూడోది 0.06. ఐదు నిమిషాలకు మొదటిది 0.99కి చేరుతుంది, అప్పుడు రెండోది 0.63. పదిహేను నిమిషాలకు మూడోది 0.63. ప్రతి సగటూ తన పేరులోని కాలం గడిచేసరికి మూడింట రెండు వంతులకు కొంచెం తక్కువ దూరమే నడుస్తుంది. నా తరగతిలో ఈ ప్రయోగం చేయించకుండా కోడ్ రాయనివ్వను.

దీన్నిబట్టే ఇంకొకటి తెలుస్తుంది. లోడ్‌ను సెకనుకు పదిసార్లు అడగడం వృథా. లినక్స్‌లో 5 సెకన్ల లోపు మళ్లీ అడిగితే చాలాసార్లు అదే జవాబు వస్తుంది.

అన్ని వ్యవస్థల మీదా ఉండే ఫంక్షన్ ఏది?

గెట్‌లోడ్‌ఏవీజీ. గెట్, లోడ్ అనే మాటల తర్వాత ఏ, వీ, జీ అక్షరాలు కలిపి, అన్నీ చిన్న అక్షరాలతో ఒకే పదంగా రాయాలి. ఇది 4.3బీఎస్‌డీ రెనోలో పుట్టింది. డబుల్ రకం అర్రేను, ఎన్ని విలువలు కావాలో చెప్పే పూర్ణాంకాన్ని ఇస్తే, ఎన్ని విలువలు నింపిందో తిరిగి చెబుతుంది. గరిష్ఠంగా మూడు. కుదరకపోతే మైనస్ 1.

లినక్స్‌లో వాడే సీ లైబ్రరీలు గ్లిబ్‌సీ, మజిల్, ఇంకా బీఎస్‌డీలు, మ్యాక్, సొలారిస్, దాని వారసుడు ఇల్యూమోస్, అన్నిటిలో ఇది ఉంది. హెడర్ మాత్రం ఒకటే కాదు. ఎక్కువ చోట్ల ఎస్‌టీడీలిబ్‌లో ప్రకటించారు. సొలారిస్, ఇల్యూమోస్‌లలో సిస్ డైరెక్టరీలోని లోడ్‌ఏవీజీ హెడర్‌ను చేర్చుకోవాలి.

ఇంతమంది ఇస్తున్నా ఇది యూనిక్స్ తరహా వ్యవస్థల ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్‌లో లేదు. కింది ప్రశ్నల్లో సగం ఈ ఒక్క కారణం వల్లే పుట్టాయి.

ఫంక్షన్ ఉందంటున్నారు, కంపైలర్ మాత్రం ప్రకటన కనబడలేదంటోంది. ఎందుకు?

ప్రమాణానికి కచ్చితంగా కట్టుబడమని మీరే కంపైలర్‌కు చెప్పి ఉంటారు. సీ99 అనో సీ11 అనో కఠినంగా అడిగినప్పుడు, ప్రమాణంలో లేని ఈ పేరును గ్లిబ్‌సీ హెడర్ దాచేస్తుంది. డిఫాల్ట్ సోర్స్ అనే మాక్రోను హెడర్లన్నిటి కంటే ముందే నిర్వచించండి. మొదట ఒక అండర్‌స్కోర్, తర్వాత పెద్ద అక్షరాలు, రెండు పదాల మధ్య మరో అండర్‌స్కోర్. గ్లిబ్‌సీ 2.19కి ముందున్న వాటికి బీఎస్‌డీ సోర్స్ మాక్రో కావాలి. రెండూ నిర్వచించినా నష్టం లేదు. పోసిక్స్ మాక్రోను మీరే పెట్టుకున్నప్పుడు మ్యాక్‌లోనూ పేరు మాయమవుతుంది, అక్కడ డార్విన్ సీ సోర్స్ మాక్రోతో తిరిగి కనిపిస్తుంది.

ఒకప్పుడు ఇది హెచ్చరికతో పోయేది, కోడ్ ఎలాగో నడిచేది. జీసీసీ 14 నుంచి ప్రకటన లేని ఫంక్షన్‌ను పిలవడం నేరుగా తప్పే. పాత కోడ్ హఠాత్తుగా కంపైల్ కావడం లేదని వచ్చేవాళ్లలో చాలామంది సమస్య ఇదే.

మైనస్ 1 వస్తే సున్నా చూపిస్తే సరిపోదా?

సరిపోదు. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని పెట్టుకోండి.

బిల్డ్ పనులను ఎనిమిది యంత్రాలకు పంచే చిన్న ప్రోగ్రాం కొన్నేళ్ల క్రితం రాశాను. ఏ యంత్రం మీద లోడ్ తక్కువగా ఉంటే కొత్త పని దానికి వెళ్లాలి. అర్రేను మొదట్లోనే సున్నాలతో నింపి, ఫంక్షన్‌ను పిలిచి, రిటర్న్ విలువ చూడకుండా మొదటి గదిలో ఉన్నది పంపేవాడిని. ఎనిమిదింటిలో ఒక యంత్రం మీద ఆ ప్రోగ్రాంను వేరు చేసిన రూట్ డైరెక్టరీలో నడిపారు. కెర్నల్ తన సమాచారాన్ని ఫైళ్లుగా చూపే ప్రాక్ ఫైల్ వ్యవస్థ అందులో లేదు. గ్లిబ్‌సీ తన జవాబును ప్రాక్ కింద ఉండే లోడ్‌ఏవీజీ ఫైలులోంచే తెచ్చుకుంటుంది, ఆ ఫైలు లేకపోయేసరికి మైనస్ 1 ఇచ్చింది. నా అర్రేలో సున్నా అలాగే ఉండిపోయింది. 0.00 అని కేంద్రానికి వెళ్లింది. ఎనిమిదింటిలో అన్నిటికంటే తీరిగ్గా ఉన్నది అదేనని కేంద్రం నమ్మి, వచ్చిన ప్రతి పనీ దాని నెత్తిన పెట్టింది. ఏప్రిల్ సాయంత్రం, సర్వర్ గదిలోకి అడుగుపెట్టగానే ఒక్క యంత్రం ఫ్యాన్లే హోరెత్తుతున్నాయి, మిగతా ఏడూ చడీచప్పుడు లేకుండా ఉన్నాయి. దాని భారం పెరిగేకొద్దీ అది సున్నా అనే చెబుతూ ఉంది.

సున్నా అంటే ఏ పనీ లేదని. మైనస్ 1 అంటే తెలియదని. ఈ రెండింటినీ ఒకటి చేయకండి. మీ సొంత ఫంక్షన్ మూడు విలువలతో పాటు ఎన్ని నిండాయో కూడా ఇవ్వాలి. 3 అడిగితే 1 మాత్రమే రావచ్చు, అప్పుడు రెండో గదిని ముట్టుకోకూడదు. తెలియని చోట నాన్ (అంకె కాదు అని చెప్పే ప్రత్యేక డబుల్ విలువ) పెట్టవచ్చా అని కొందరు అడుగుతారు. పెట్టవచ్చు, కానీ నాన్‌తో ఎక్కువా, తక్కువా, సమానమా అనే ఏ పోలికైనా అబద్ధమే అవుతుంది. లోడ్ పరిమితి కంటే తక్కువా అని అడిగితే కాదనే వస్తుంది, పని వెళ్లదు. అదే ప్రశ్నను తిప్పి, లోడ్ పరిమితి కంటే ఎక్కువ కాకపోతే పంపు అని రాస్తే పని వెళ్లిపోతుంది. ఒక కోడ్‌లో రెండు రకాలూ ఉంటాయి. లెక్కను విడిగా ఇవ్వడమే నాకు భద్రంగా తోస్తుంది.

లినక్స్‌లో ఆ ఫైలునే నేరుగా చదివేస్తే తేలిక కదా?

తేలికగానే కనిపిస్తుంది. ఒకే వరసలో మూడు సగటులు, తర్వాత ఇప్పుడు నడవగలిగినవి బై మొత్తం అనే భిన్నం, చివర అన్నిటికంటే కొత్తగా పుట్టిన ప్రాసెస్ గుర్తింపు సంఖ్య. ఎస్‌స్కాన్‌ఎఫ్‌తో మూడు డబుల్ విలువలు చదివేస్తే అయిపోయిందనుకుంటాం.

అందులో ఉన్న గొయ్యి హైదరాబాద్‌లో కూర్చుంటే కనబడదు. లొకేల్ అంటే భాషను, ప్రాంతాన్ని బట్టి ఉండే అమరిక. మన తెలుగు లొకేల్‌లోనూ, భారతీయ ఇంగ్లిష్ లొకేల్‌లోనూ దశాంశానికి చుక్కే. జర్మన్ లొకేల్‌లో కామా. కెర్నల్ మాత్రం ఎప్పుడూ చుక్కే రాస్తుంది. ప్రోగ్రాం సెట్‌లొకేల్‌ను పిలిచి జర్మన్ అమరికలోకి వెళ్లాక 0.20 చదవబోతే, సున్నా దగ్గర ఆగిపోతుంది. చుక్క దాని దృష్టిలో అంకెలో భాగం కాదు. తర్వాతి విలువ చుక్కతో మొదలవుతుంది కాబట్టి అదీ చదవదు. ఎస్‌స్కాన్‌ఎఫ్ 3కి బదులు 1 ఇస్తుంది. మనం ఆ 1ని చూడకపోతే, ఇక్కడ వంద పరీక్షలు దాటిన కోడ్ అక్కడ మొదటి రోజే సున్నా చూపిస్తుంది. మళ్లీ అదే సున్నా.

గ్లిబ్‌సీ లోపల ఇదే ఫైలును చదివేటప్పుడు సీ లొకేల్‌ను పట్టుకునే చదువుతుంది, అందుకే గెట్‌లోడ్‌ఏవీజీని పిలిస్తే ఈ చిక్కు రాదు. మీరే చదవాల్సి వస్తే చుక్కకు ముందున్నదాన్ని, తర్వాతదాన్ని రెండు పూర్ణాంకాలుగా చదివి, రెండోదాన్ని 100తో భాగించి కలపండి. కెర్నల్ చుక్క తర్వాత ఎప్పుడూ రెండు అంకెలే రాస్తుంది కాబట్టి 05 అంటే వందో వంతులు ఐదు.

చదవడంలోనే కాదు, రాయడంలోనూ ఇదే బెడద ఉంది. ప్రింట్‌ఎఫ్‌తో జేసన్‌లోకి రాసే లోడ్ విలువ జర్మనీలో కామాతో వెళ్తుంది, అవతలివాళ్లు చదవలేరు.

ప్రాక్ లేనిచోట లినక్స్‌లో వేరే దారి ఉందా?

ఉంది, సిస్‌ఇన్ఫో సిస్టమ్ కాల్. ఫైలు అవసరం లేదు, లొకేల్ గొడవ లేదు. మజిల్ తన గెట్‌లోడ్‌ఏవీజీని దీని మీదే కట్టుకుంది, అందుకే ఆల్పైన్ లినక్స్‌లో ప్రాక్ లేకున్నా జవాబు వస్తుంది. ఇది ఇచ్చే విలువలు పూర్ణాంకాలు, 65536తో భాగించాలి. భాగించే ముందు డబుల్‌గా మార్చండి. పూర్ణాంక భాగహారం చేస్తే 0.97 కూడా సున్నా అవుతుంది.

ఏ వ్యవస్థో చూసి ఇఫ్‌డెఫ్‌లు (మాక్రో ఉంటేనే కంపైల్ చేయమనే షరతులు) పెట్టాలా?

వ్యవస్థ పేరు అడగకండి, ఫంక్షన్ ఉందా అని అడగండి. ఆండ్రాయిడ్‌ను చూడండి. కంపైలర్ దృష్టిలో అదీ లినక్సే, లినక్స్ మాక్రో అక్కడా నిర్వచితమే. కానీ గెట్‌లోడ్‌ఏవీజీ అక్కడికి ఏపీఐ 29తోనే వచ్చింది. లినక్స్ అయితే పిలువు అని రాసిన కోడ్ అంతకు ముందున్న ఫోన్ల కోసం లింక్ కాదు. బిల్డ్ మొదట్లో ఆ ఫంక్షన్‌ను పిలిచే నాలుగు వరసల ప్రోగ్రాంను కంపైల్ చేసి, లింక్ చేసి చూడండి. ఆటోకాన్ఫ్, సీమేక్, మెసన్ అనే బిల్డ్ సాధనాలు మూడూ ఈ పని చేస్తాయి. హెడర్ ఎక్కడుందో కూడా అలాగే వెతకాలి.

దొరికితే ఒక సీ ఫైలు, దొరక్కపోతే సిస్‌ఇన్ఫో వాడే మరో ఫైలు, అదీ లేకపోతే తెలియదని చెప్పే మూడో ఫైలు. పైన ఒకే హెడర్. ఇఫ్‌డెఫ్‌లతో నిండిన ఒకే ఫైలు కంటే ఇలా విడదీస్తే ఆరు నెలల తర్వాత చదివేవాడికి అర్థమవుతుంది. మూడో ఫైలుకు సిగ్గుపడకండి, అది మీ కోడ్‌లో అన్నిటికంటే నిజాయితీ గల ఫైలు.

విండోస్‌లో ఎలా?

విండోస్‌లో లోడ్ యావరేజ్ లేదు. అక్కడ మూడో ఫైలే సరైన జవాబు.

ప్రాసెసర్ ఎంత శాతం వాడుకలో ఉందో గెట్‌సిస్టమ్‌టైమ్స్ నుంచి లెక్క కట్టవచ్చు. అది ఇచ్చే కెర్నల్ సమయంలో ఖాళీ సమయం కూడా కలిసే ఉంటుంది, తీసేయడం మరవకండి. కానీ ఆ శాతాన్ని లోడ్ అనే పేరుతో ఇవ్వకండి. శాతం 100 దగ్గర ఆగుతుంది, వరస ఎంత పొడవున్నా అదే 100. పైథాన్ పీఎస్‌యుటిల్ లైబ్రరీ విండోస్ మీద ప్రాసెసర్ క్యూ పొడవును 5 సెకన్లకోసారి నమూనా తీసి సగటును అనుకరిస్తుంది. మీకు అంత అవసరమైతే ఆ దారి పట్టవచ్చు, దానికి వెనక ఒక థ్రెడ్ ఎప్పుడూ నడుస్తుండాలి.

కంటెయినర్ లోపల వచ్చే అంకె ఎవరిది?

మామూలుగా ఆతిథ్య యంత్రానిది. ప్రాక్‌లోని ఆ ఫైలు కంటెయినర్ల మధ్య విడిపోదు. మీ కంటెయినర్‌కు రెండు కోర్లే ఇచ్చినా, 64 కోర్ల యంత్రం మీద పొరుగువాళ్లందరి భారమూ కలిపి కనిపిస్తుంది. కంటెయినర్‌కు సొంత ప్రాక్ ఫైళ్లు చూపే ఎల్‌ఎక్స్‌సీఎఫ్ఎస్ పెట్టి, అందులో లోడ్ ఐచ్ఛికం ఆన్ చేసిన చోట మాత్రమే సొంత విలువ వస్తుంది. అపార్ట్‌మెంట్ మొత్తానికి ఒకే కరెంటు మీటరు ఉంటే మన ఇంటి ఫ్యాన్ ఎంత కాల్చిందో చెప్పలేం కదా.

కంటెయినర్ లోపలి ఇబ్బంది తెలియాలంటే లినక్స్ 4.20 నుంచి ఉన్న ప్రెషర్ ఫైళ్లు మేలు. ప్రాసెస్‌లను గుంపులుగా చేసి వనరులు పంచే సీగ్రూపుల రెండో తరంలో ఒక్కో గుంపుకు విడిగా దొరుకుతాయి. ఎంత సమయం వనరు కోసం ఆగాల్సి వచ్చిందో 10, 60, 300 సెకన్ల సగటులుగా చెబుతాయి. ఇవి లినక్స్‌కే పరిమితం.

లోడ్‌ను కోర్ల సంఖ్యతో భాగించాలా?

యంత్రాలను పోల్చాలంటే భాగించాలి. సిస్‌కాన్ఫ్‌ను ఆన్‌లైన్ ప్రాసెసర్ల సంఖ్య అడిగితే దాదాపు అన్నిచోట్లా చెబుతుంది, అది కూడా మైనస్ 1 ఇవ్వగలదని గుర్తుంచుకోండి. ఫలితం 1 దాటింది కాబట్టి యంత్రం కష్టంలో ఉందని మాత్రం అనకండి. లినక్స్‌లో ఆ అంకెలో డిస్కు కోసం ఆగినవాళ్లూ ఉంటారు. ఫ్రీబీఎస్‌డీలో లోడ్ 8, లినక్స్‌లో లోడ్ 8 ఒకే బరువు కావు. పట్టికలో పక్కపక్కన పెడితే వ్యవస్థ పేరు కూడా పెట్టండి.

కొత్త పని మొదలుపెట్టాలా వద్దా అని లోడ్ చూసి నిర్ణయించవచ్చా?

నిమిషాల మీద నిర్ణయించేవాటికి సరే, సెకన్ల మీద నిర్ణయించేవాటికి పనికిరాదు. పైన చూసిన 0.63 గుర్తుందా? ఒకేసారి 30 పనులు మొదలుపెట్టినా మొదటి 5 సెకన్లలో అంకె పెద్దగా కదలదు, ఇంకా ఖాళీ ఉందనుకుని మరో 30 మొదలుపెడతారు. బిల్డ్ పనులు నడిపే గ్నూ మేక్‌లో లోడ్ పరిమితికి ఉన్న పాత ఇబ్బంది ఇదే. 2022లో వచ్చిన 4.4 నుంచి, లినక్స్ మీద మేక్ సగటును వదిలి, అదే ఫైలులోని నాలుగో భాగంలో ఉండే ఇప్పుడు నడవగలిగిన పనుల లెక్కను చూస్తోంది.

పాత కోడ్‌లో కెమెమ్ పరికరాన్ని తెరిచి చదివే భాగం ఉంది. ఉంచాలా?

తీసేయండి. ఒకప్పుడు కెర్నల్ జ్ఞాపకంలో అవెన్‌రన్ అనే చరరాశి ఎక్కడుందో వెతికి నేరుగా చదవడమే మార్గం. అందుకోసం ప్రోగ్రాంకు ప్రత్యేక గ్రూపు హక్కులు ఇవ్వాల్సి వచ్చేది. లోడ్ చూపించే చిన్న ప్రోగ్రాంలో లోపముంటే కెర్నల్ జ్ఞాపకమంతా బయటపడే ప్రమాదం. లినక్స్ 5.13లో ఆ పరికరాన్నే తొలగించారు. బీఎస్‌డీల మీద ఇదే సమాచారం కెర్నల్‌ను విలువలు అడిగే సిస్‌సీటీఎల్ కాల్‌తో ఏ హక్కులూ లేకుండా దొరుకుతుంది.

ఇన్ని వ్యవస్థలు ఇంట్లో ఎలా పరీక్షించాలి?

ఒక మామూలు ల్యాప్‌టాప్ చాలు. యంత్రంలో యంత్రాన్ని నడిపే క్యూఈఎంయూలో ఫ్రీబీఎస్‌డీ, ఓపెన్‌బీఎస్‌డీ, మజిల్ కోసం ఆల్పైన్, సొలారిస్ హెడర్ తేడా పట్టుకోవడానికి ఇల్యూమోస్ రకం ఓమ్నీఓఎస్. తర్వాత లొకేల్‌ను జర్మన్‌కు మార్చి మరోసారి నడపండి.

ఇవన్నీ పచ్చగా వచ్చాక, మీ లినక్స్ మీదే మూడో ఫైలుతో బలవంతంగా బిల్డ్ చేయండి. ఆపైన గ్లిబ్‌సీ ప్రోగ్రాంను ప్రాక్ లేని రూట్ డైరెక్టరీలో నడపండి. పట్టికలో ఆ యంత్రం వరసలో తెలియదు అని రావాలి, కొత్త పని దానికి వెళ్లకూడదు. 0.00 అని కనిపిస్తే రిటర్న్ విలువను చూడని చోటు ఇంకా ఎక్కడో మిగిలి ఉన్నట్టే, వెతకండి.